పది కిలోమీటర్ల వృత్తం దాటాక పొగ ఎవరిది?

తమిళనాడు వైపు నుంచి సోనా బోట్లు (పెద్ద మరపడవలు) వచ్చి నెల్లూరు, ప్రకాశం తీరంలో చేపలు ఊడ్చుకుపోతున్నాయని మన మత్స్యకారులు గొడవ పడటం కొత్తేమీ కాదు. దొరికిన బోటును ఒడ్డుకు లాక్కొచ్చి కట్టేస్తారు, కాపులు (మత్స్యకార గ్రామాల పెద్దలు) కూర్చుంటారు, అధికారులు వస్తారు, అటువాళ్లూ ఇటువాళ్లూ మాట్లాడుకుని ఏదో ఒకటి తేల్చుకుంటారు. బోటుకు నంబరు ఉంటుంది, ఓనరు ఉంటాడు కాబట్టి పంచాయతీ కుదురుతుంది. గాలిలో వచ్చే పొగకీ, నీళ్లలో కొట్టుకొచ్చే ప్లాస్టిక్కుకీ నంబరు లేదు, కట్టేసి ఉంచడానికి అది దొరకదు కూడా. దేశాల మధ్య కాలుష్యం గొడవలన్నీ చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. ఎవరి పొగ ఎంత అని లెక్క తేల్చిన చోట ఒప్పందాలు పనిచేశాయి, తేల్చని చోట సంతకాలు మిగిలాయి.

మన దగ్గరి పొగగొట్టాలతోనే మొదలుపెడదాం. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో నేలటూరు, కృష్ణపట్నం వైపు వెళ్తే చాలా దూరం నుంచే కనిపించేవి థర్మల్ ప్లాంట్ల పొగగొట్టాలు. 500 మెగావాట్లు, ఆపైన ఉండే యూనిట్‌కి 275 మీటర్ల పొగగొట్టం ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. అంత ఎత్తు ఎందుకంటే, వేడి పొగ పైకి లేచి బలమైన గాలిలో కలిసిపోవాలి, చుట్టుపక్కల ఊళ్లలో జనం పీల్చే ఎత్తుకి దిగకూడదు. ఆ మేరకు అది పనిచేస్తుంది కూడా. ప్లాంటు పక్క ఊళ్లో నిలబడి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే చాలాసార్లు పరిమితిలోనే ఉంటుంది. (బూడిద సంగతి వేరు. బూడిద చెరువుల పక్కన ఉన్నవాళ్ల బాధ పొగగొట్టం ఎత్తు పెంచితే తీరేది కాదు.)

కానీ పైకి పంపినది మాయమైపోదు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ప్రయాణిస్తూనే తేమతోనూ ఇతర వాయువులతోనూ కలిసి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో సల్ఫేట్ అనే సన్నటి కణాలుగా మారుతుంది. అవే పీఎం 2.5 లెక్కలోకి వచ్చేవి, ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేవి. వాన పడితే కిందికి దిగుతాయి, పడకపోతే వందల కిలోమీటర్లు పోతాయి. అంటే ప్లాంటు గేటు దగ్గర వాయువుగా కొలిచిన పదార్థం, మూడో రోజున ఇంకో రాష్ట్రంలోనో ఇంకో దేశంలోనో ధూళి పేరుతో లెక్కకొస్తుంది. అక్కడివాళ్లు తమ రోడ్లనీ తమ బస్సులనీ తిట్టుకుంటారు.

ఇదే పని బ్రిటన్ చాలా ముందే చేసింది. లండన్‌లో 1952 నాటి పొగమంచు వేలమందిని చంపాక, ఊళ్లలో గాలి బాగుపడాలని నగరాల్లో బొగ్గు పొయ్యిలు తగ్గించి విద్యుత్ కేంద్రాలకు ఎత్తైన పొగగొట్టాలు కట్టారు. ఊళ్లలో గాలి నిజంగానే బాగుపడింది. కానీ ఉత్తర సముద్రం అవతల స్వీడన్, నార్వేల్లో చెరువులు ఆమ్లంగా మారి చేపలు చచ్చిపోవడం మొదలైంది. ఆ వానలోని ఆమ్లం బ్రిటన్ నుంచీ మధ్య ఐరోపా నుంచీ వస్తోందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ 1960ల చివర్లో బయటపెట్టాడు. మొదట ఎవరూ ఒప్పుకోలేదు, మా పొగ అంత దూరం ఎలా పోతుందన్నారు. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు వెనక స్వీడన్ పట్టుదలకు ఈ చేపల చెరువుల కథ కూడా ఒక కారణం.

1979లో జెనీవాలో కుదిరిన సుదూర సరిహద్దు కాలుష్య ఒప్పందం ఆ గొడవలోంచే పుట్టింది. అప్పుడు ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది, అమెరికా వైపు దేశాలూ సోవియట్ వైపు దేశాలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే ఒక వింత. ఆ కాగితంలో మొదట్లో పెద్దగా ఏమీ లేదు, ఎవరెంత తగ్గించాలో రాయలేదు, మంచి మాటలే ఎక్కువ. దాన్ని నిలబెట్టింది పక్కనే నడిచిన ఇంకో ఏర్పాటు, ఈఎంఈపీ అనే కొలతల కార్యక్రమం. ఐరోపా అంతటా ఒకే పద్ధతిలో గాలినీ వాననీ కొలిచే కేంద్రాలు పెట్టారు, ఏ దేశం ఎంత వదులుతోందో లెక్క తీశారు, గాలి దిశను బట్టి అది ఎక్కడ దిగుతుందో లెక్కగట్టే నమూనాలు తయారుచేశారు. చివరికి వచ్చేది ఒక పట్టిక. అడ్డంగా పొగ వదిలిన దేశాలు, నిలువుగా పొగ పడిన దేశాలు. నార్వేలో పడిన సల్ఫర్‌లో బ్రిటన్ వాటా ఎంత, జర్మనీ వాటా ఎంత, నార్వే సొంత వాటా ఎంత అని ఏటేటా అచ్చులో కనిపిస్తుంటే, మాది కాదు అనే మాట ఎన్నేళ్లు నడుస్తుంది?

అయినా వెంటనే అంతా మారిపోలేదు. 1985 హెల్సింకీ ప్రొటోకాల్‌లో 1980 నాటితో పోలిస్తే 1993కల్లా సల్ఫర్ 30 శాతం తగ్గించాలన్నారు, బ్రిటన్ దాని మీద సంతకమే పెట్టలేదు. తర్వాత 1994 ఓస్లో, 1999 గోథెన్‌బర్గ్ ఒప్పందాల్లో అందరికీ ఒకే శాతం అనే పద్ధతి వదిలేసి, ఏ నేల, ఏ చెరువు ఎంత ఆమ్లం తట్టుకోగలదో చూసి, దానికి తగ్గట్టు ఎవరెంత తగ్గించాలో పంచారు. 1990తో పోలిస్తే ఐరోపాలో సల్ఫర్ ఉద్గారాలు 80 శాతం దాకా పడిపోయాయి. ఇందులో ఒప్పందం వాటా ఎంత, తూర్పు ఐరోపాలో పాత ఫ్యాక్టరీలు మూతపడటం వాటా ఎంత, బొగ్గు నుంచి గ్యాస్‌కి మారడం వాటా ఎంత అని వాదించుకోవచ్చు. కానీ ఆ వాదనకైనా లెక్కలున్నాయి.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1999 మొదటి మూడు నెలల్లో ఇండోఎక్స్ పేరుతో భారత, అమెరికా, ఐరోపా శాస్త్రవేత్తలు విమానాలూ ఓడలూ వేసుకుని హిందూ మహాసముద్రం మీద గాలిని పరిశీలించారు. వీరభద్రన్ రామనాథన్, నోబెల్ గ్రహీత పాల్ క్రూట్జెన్ అందులో ముఖ్యులు. చలికాలంలో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల మీద గోధుమరంగు మసక పొర, దాదాపు 3 కిలోమీటర్ల మందంతో పరుచుకుని ఉంటోందని వాళ్లు చూపించారు. వంటచెరకు, పిడకలు, డీజిలు, బొగ్గు, పంట వ్యర్థాలు, అన్నీ కలిసిన పొర అది. 2002లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం దాన్ని ఆసియా మేఘం అంటూ నివేదిక ఇస్తే మన ప్రభుత్వం ఆ మాటకి అభ్యంతరం చెప్పింది, తర్వాత పేరులోంచి ఆసియా తీసేశారు. మేఘం మాత్రం అలాగే ఉంది.

ఈ పొర నెల్లూరుకి సంబంధం లేనిదేమీ కాదు. చలికాలంలో గంగా మైదానం మీద పేరుకున్న మసక తూర్పుకి జారి బంగాళాఖాతం మీదికి వస్తుంది, అక్కడి నుంచి ఈశాన్య గాలితో దక్షిణానికి, మన తీరం వైపుకి దిగుతుంది. అందులో మన దేశపు పొగా ఉంది, బంగ్లాదేశ్ పొగా ఉంది. నైరుతి గాలి మొదలైతే ఇక్కడి పొగ సముద్రం మీదికి పోతుంది, వాన దాన్ని చాలావరకు కడిగేస్తుంది. అంటే ఒక కాలంలో మనం తీసుకునేవాళ్లం, ఇంకో కాలంలో పంపేవాళ్లం. ఎవరైనా నిక్కచ్చిగా లెక్క వేస్తే రెండు కాలమ్‌లలోనూ మన పేరు ఉంటుంది.

ఆ లెక్క వేయడానికి దక్షిణాసియాకి ఒక కాగితం ఉంది. 1998లో మాల్దీవుల రాజధాని మాలేలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, ఇరాన్ కలిసి చేసిన మాలే ప్రకటన. కొలతలు పంచుకుందాం, అధికారులకు శిక్షణ ఇద్దాం అని రాసుకున్నారు. కొన్ని పరిశీలన కేంద్రాలు వచ్చాయి, వర్క్‌షాపులు జరిగాయి. చట్టబద్ధంగా ఎవరినీ కట్టిపడేసేది ఏదీ అందులో లేదు. జెనీవా కాగితం కూడా మొదట్లో అంతే కదా అనొచ్చు, నిజమే, కానీ అక్కడ ఏటేటా పట్టిక వచ్చింది, ఇక్కడ రాలేదు. లాహోర్‌లో పొగ కమ్ముకుంటే అక్కడి మంత్రులు భారత్ వైపు వేలు చూపిస్తారు, ఢిల్లీలో కమ్ముకుంటే ఇక్కడివాళ్లు అటు చూపిస్తారు. 2023లో ప్రపంచ బ్యాంకు ఒక అంచనా ఇచ్చింది. భారత పంజాబ్ గాలిలోని కాలుష్యంలో సుమారు 30 శాతం పాకిస్తాన్ పంజాబ్ నుంచి వస్తోందట, బంగ్లాదేశ్ పెద్ద నగరాలు ఢాకా, చిట్టగాంగ్, ఖుల్నాల్లోని కాలుష్యంలో సగటున 30 శాతం భారత్ నుంచి పోతోందట. మొదటి వాక్యం మన టీవీ చర్చలకు చాలా బాగుంటుంది. రెండోది ఎవరూ చదవరు.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మన దేశం లోపలి కార్యక్రమం కూడా ఊరి లెక్కనే నడుస్తోంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి, నెల్లూరు, ఒంగోలు కూడా అందులో ఉన్నాయి. డబ్బులు మున్సిపాలిటీకి వస్తాయి. మున్సిపాలిటీ చేతిలో ఉన్నది రోడ్డు ఊడ్చే యంత్రం, నీళ్లు చల్లే ట్యాంకరు, డివైడర్ల మీద మొక్కలు. చీమకుర్తి క్వారీల దుమ్ముని ఒంగోలు మున్సిపాలిటీ ఏం చేయగలదు? కనిగిరి, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కట్టెలతో కాలుతుంటే దాని పొగ ఏ వార్డు లెక్కలో వేయాలి?

పొగగొట్టాల విషయానికే మళ్లీ వస్తే, అసలు తమాషా ఇక్కడుంది. 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ ప్లాంట్లకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. అంటే పొగలోంచి సల్ఫర్‌ని సున్నపురాయి నీళ్లతో కడిగే ఎఫ్‌జీడీ యూనిట్లు పెట్టుకోవాలి. రెండేళ్ల గడువు ఇచ్చారు, తర్వాత దాన్ని పొడిగించారు, మళ్లీ పొడిగించారు. 2025 జులైలో ప్లాంట్లను మూడు కేటగిరీలు చేసి, చాలా పెద్ద భాగాన్ని ఈ బాధ్యత నుంచి తప్పించారు. ఢిల్లీ ప్రాంతానికీ, పది లక్షలు దాటిన నగరాలకీ 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మొదటి కేటగిరీ. తీవ్ర కాలుష్య ప్రాంతాలకో, స్వచ్ఛ వాయు జాబితా నగరాలకో 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి రెండోది. మిగిలినవన్నీ మూడోది, వాటికి మినహాయింపు, పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు. నెల్లూరు నగరం జాబితాలో ఉంది కానీ, నేలటూరు నగరానికి 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

ప్రభుత్వం వైపు వాదన లేకపోలేదు. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, చాలా నగరాల్లో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిలోనే ఉంది, ఎఫ్‌జీడీకి వేల కోట్లు ఖర్చు, అది నడవడానికి కరెంటు కావాలి, సున్నపురాయి తవ్వాలి, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఇవన్నీ కొట్టిపారేసే మాటలు కావు. కానీ పరిమితిలోనే ఉంది అన్నది ఎక్కడ కొలిచి చెబుతున్నట్టు? ఊళ్లలోని గాలిలో, అదీ వాయువుగా ఉన్నప్పుడు. సల్ఫేట్‌గా మారి దూరంగా దిగినప్పుడు దాన్ని ఈ ప్లాంటు ఖాతాలో ఎవరూ రాయరు. 10 కిలోమీటర్ల లోపల ఎవరున్నారని చూసి నిబంధన పెట్టి, 275 మీటర్ల ఎత్తుకి పొగని పంపడం, బ్రిటన్ అరవై ఏళ్ల కింద వేసిన లెక్కే.

ఇక వ్యాపారం వైపు నుంచి చూస్తే సరిహద్దు ఇంకా గమ్మత్తుగా కనిపిస్తుంది. కృష్ణపట్నం రేవులో దిగే బొగ్గులో ఇండోనేసియా నుంచి వచ్చేది ఉంది. కృష్ణపట్నం దగ్గర ఉన్న కొన్ని ప్రైవేటు ప్లాంట్లు కొన్నేళ్లు ఒక సింగపూర్ కంపెనీ చేతిలో ఉండి, 2023లో ఒమన్ వాళ్ల సంస్థకి మారాయి. అందులో ఒక ప్లాంటుకి బంగ్లాదేశ్ విద్యుత్ బోర్డుకి 250 మెగావాట్లు అమ్మే దీర్ఘకాల ఒప్పందం ఉంది. బొగ్గు ఒక దేశానిది, పెట్టుబడి ఇంకో దేశానిది, ఆ కరెంటుతో బల్బు వెలిగేది మరో దేశంలో, బూడిద మాత్రం ముత్తుకూరు మండలంలో. సింగపూర్ కంపెనీ ఆ ప్లాంట్లు అమ్మేశాక దాని వార్షిక నివేదికలో కర్బన ఉద్గారాలు తగ్గినట్టే కనిపిస్తాయి, పొగగొట్టంలోంచి వచ్చేది మాత్రం అంతే వస్తుంది. అంతర్జాతీయ ఒప్పందాలన్నీ పొగ ఏ నేల మీద పుట్టిందో చూస్తాయి, ఎవరి కోసం పుట్టిందో చూడవు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఏ దేశంలో ఏ హోటల్ లాబీలో పరిచినా, రాయి కోసిన బురద ఇక్కడి గుట్టల మీదే ఆరుతుంది.

సముద్రం సంగతి గాలికన్నా కాస్త తేలిక, ఎందుకంటే కళ్లకి కనిపిస్తుంది. మన తీరం వెంట నీరు ఏడాదికి రెండు దిక్కులు మారుతుంది. ఎండాకాలంలో ఉత్తరానికి లాగుతుంది, అక్టోబరు దాటాక దక్షిణానికి తిరుగుతుంది. అంటే చెన్నై వైపు చెత్త ఒక కాలంలో మైపాడు, తుమ్మలపెంట వైపు వస్తుంది, కృష్ణా గోదావరుల వైపు నుంచి కొట్టుకొచ్చేది ఇంకో కాలంలో. ఇదంతా దేశం లోపలి వ్యవహారం. అండమాన్ సముద్రం వైపు గ్రేట్ నికోబార్ తీరంలో మన పరిశోధకులు ప్లాస్టిక్ సీసాల మీద లేబుళ్లు చూసి లెక్కేస్తే, ఎక్కువ భాగం మలేసియా, ఇండోనేసియా, థాయిలాండ్‌ల నుంచి వచ్చినవి తేలాయి. భారత్‌వి కూడా ఉన్నాయి. లేబుల్ ఉంటే ఓనరు దొరుకుతాడు.

లేబుల్ లేని సరుకు ఒకటుంది, ప్లాస్టిక్ గుళికలు. బకెట్లు, కవర్లు, పైపులు తయారుచేసే ఫ్యాక్టరీలకి ముడిసరుకుగా వెళ్లేవి. చూడటానికి అచ్చం సగ్గుబియ్యంలా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి, ఇసుకలో కలిస్తే జల్లెడ పట్టినా పూర్తిగా రావు, చేపలు గుడ్లనుకుని మింగుతాయి. 2021 మే నెలలో గుజరాత్‌లోని హజీరా నుంచి కొలంబో వెళ్లిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ అక్కడ తగలబడి మునిగిపోయినప్పుడు అందులో ఇలాంటి గుళికలు దాదాపు 1,680 టన్నులు ఉన్నాయి. ఓడలో నైట్రిక్ ఆమ్లం ఉన్న కంటైనర్ ముందే కారుతోంది, దించుకోమని ఖతార్‌లోని హమద్ రేవునీ తర్వాత హజీరానీ అడిగితే రెండుచోట్లా కుదరదన్నారు. కారుతున్న కంటైనర్ మూడో దేశం దాకా వెళ్లి అంటుకుంది. ఎవరి చట్టం ప్రకారం చూసినా ఎవరికి వాళ్లు సరిగ్గానే ప్రవర్తించారేమో. శ్రీలంక పశ్చిమ తీరంలో నెలల తరబడి వేట ఆగింది.

నష్టం ఎవరు కట్టాలి? ఓడ సింగపూర్‌లో రిజిస్టరైంది. సముద్ర రవాణాలో ఓడ యజమాని బాధ్యతకి ఒక పరిమితి ఉంటుంది, లండన్ కోర్టు దాన్ని సుమారు 1.9 కోట్ల పౌండ్లకి పరిమితం చేసింది. 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు 100 కోట్ల డాలర్లు కట్టమంది. కట్టేది లేదని కంపెనీ అంది. ఇదంతా నడుస్తుండగానే 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే లైబీరియా జెండా ఓడ మునిగింది, గుళికలు తిరువనంతపురం, కన్యాకుమారి ఒడ్డుకి వచ్చాయి, శ్రీలంక తీరంలోనూ తేలాయి. నాలుగేళ్లలో రెండుసార్లు, ఈసారి ఓడ మునిగింది మన వైపు, అంతే. ఈ గుళికలని ప్రమాదకర సరుకుగా చూడాలని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2024లో ప్యాకింగ్ ఎలా ఉండాలి, ఓడలో ఎక్కడ పెట్టాలి అని సిఫార్సులు ఇచ్చింది. పాటించాలనుకున్నవాళ్లు పాటించవచ్చు.

ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం చేద్దామని 2022లో నైరోబీలో తీర్మానించారు. 2024 చివర్లో బుసాన్‌లో కుదరలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలనే దేశాలు ఒకవైపు, చెత్త నిర్వహణ గురించి మాత్రమే మాట్లాడదామనే చమురు దేశాలు ఇంకోవైపు. ఉత్పత్తి పరిమితిని మన దేశమూ ఒప్పుకోలేదు.

చేతకానితనం తప్ప ఇంకేమీ లేదనుకుంటే పొరపాటు. ఓడల ఇంధనంలో సల్ఫర్ 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలనే నిబంధన 2020 జనవరి 1న ప్రపంచమంతా ఒకేసారి అమల్లోకి వచ్చింది, కృష్ణపట్నానికి వచ్చే ఓడకీ అదే వర్తిస్తుంది. ఇది ఎందుకు నడిచిందంటే ఇంధనం నమూనా తీసి పరీక్షించవచ్చు, రేవులో ఓడని ఆపవచ్చు. మన సముద్రంలో చమురు ఒలికితే అది ఎటు పోతుందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) లెక్కగట్టి కోస్ట్‌గార్డ్‌కి చెబుతుంది. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది. బొగ్గు కాలితే ఆవిరిగా లేచే పాదరసం నెలల తరబడి గాలిలో తిరిగి ఎక్కడో సముద్రంలో దిగుతుంది, పెద్ద చేపల్లో పేరుకుంటుంది. నెల్లూరు చేపల పులుసులోని చేపకి ఆ పాదరసం ఏ ఖండం నుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాబట్టే దాన్ని ఒక దేశం తన చట్టంతో ఆపలేదు.

ఆగ్నేయాసియా వాళ్లు ఇంకో దారి ప్రయత్నించారు. ఇండోనేసియా అడవులు, పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కల పొరలతో నిండిన నేలలు) కాలి సింగపూర్, మలేసియాలు పొగలో మునిగాక 2002లో ఆసియాన్ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మంట ఉన్న ఇండోనేసియా మాత్రం 2014 దాకా దాన్ని ఆమోదించలేదు. విసిగిపోయిన సింగపూర్ అదే ఏడాది సొంత చట్టం చేసింది, బయటి దేశంలో నిప్పుపెట్టి మా గాలిని పాడుచేసిన కంపెనీకి రోజుకి లక్ష సింగపూర్ డాలర్ల దాకా జరిమానా అంది. దేశాన్ని కాకుండా కంపెనీని పట్టుకోవాలనే ఆలోచన బాగానే ఉంది, కానీ కాలిన నేల ఎవరి లీజులో ఉందో చెప్పే మ్యాపు ఇండోనేసియా ఇవ్వాలి.

ఐరోపా వాళ్లకి 1991 నాటి ఎస్పూ ఒప్పందం అని ఇంకొకటుంది. ఒక దేశం సరిహద్దు దగ్గర పెద్ద ప్రాజెక్టు కట్టాలంటే పక్క దేశం జనానికి కూడా చెప్పాలి, వాళ్ల అభ్యంతరాలు వినాలి. మనం అందులో లేము. మన పర్యావరణ ప్రభావ అంచనాలో సాధారణంగా అధ్యయనం చేసేది ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తమే. ఆ వృత్తంలో ఎన్ని ఊళ్లు, ఎన్ని చెరువులు, ఏ పక్షులు అని రాస్తారు, దాని అవతల తెల్లకాగితం. తీరంలో కట్టే ప్రాజెక్టుకైతే ఆ వృత్తంలో సగం నీళ్లే.

ఇప్పుడు రామాయపట్నం దగ్గర రేవుతో పాటు బీపీసీఎల్ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ రానుంది. పెట్రోకెమికల్స్ అంటే పాలిమర్లు, పాలిమర్లు అంటే మళ్లీ ఆ గుళికలే, ఓడల్లోకీ లారీల్లోకీ ఎక్కేవి. ఇలాంటి ప్రాజెక్టుల ప్రజాభిప్రాయ సేకరణలో జనం అడిగేవి ఉద్యోగాలు, భూమి పరిహారం, వేటకి వెళ్లే దారి. అవి అడగాల్సినవే. వాటితో పాటు ఇంకో మూడు అడగవచ్చు. పొగ 10 కిలోమీటర్లు దాటాక ఏ కాలంలో ఎటు పోతుందో నమూనా వేశారా, పొగగొట్టం దగ్గర కొలిచే రీడింగులు ఎప్పటికప్పుడు జనానికి కనిపించేలా పెడతారా, గుళికలు లోడింగ్‌లో ఒలికితే ఏరే బాధ్యత కంపెనీదా, రేవుదా, ఓడదా అని లైసెన్సులోనే రాస్తారా. మూడో ప్రశ్నకి జవాబు కాగితం మీద ఉండి ఉంటే కొలంబో తీరం కేసు ఇన్నేళ్లు మూడు దేశాల కోర్టుల చుట్టూ తిరిగేది కాదు.